ట్రాముకు ఎన్ని గీతలు?

లక్ష్మీప్రసన్నకు తప్పు కనిపిస్తే అన్నం సహించదు. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. అంటే తప్పులు పట్టినందుకే జీతం ఇస్తారు. ఆ గుణం గేటు బయట వదిలిపెట్టి వచ్చేది కాదు కదా. పెళ్ళైన కొత్తలో మొగుడు మధుబాబును దిద్దడానికి ప్రయత్నించింది. అతను దిద్దుబాటుకు లొంగే రకం కాదని తేలాక, నాలుగేళ్ళ కిందట మ్యాపు మీద పడింది. ఆ రోజు నుంచి తన ప్రాణానికి సుఖమొచ్చిందని మధుబాబు అందరికీ చెప్పుకుంటాడు.

ఈ మ్యాపు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎవరి ఊరిని వాళ్ళు గీసుకునే ఉమ్మడి మ్యాపు. ఎవరైనా గీయొచ్చు, ఎవరు గీసినదాన్నయినా ఇంకెవరైనా దిద్దొచ్చు. దిద్దినవాళ్ళ పేరూ, తేదీ, ఎందుకు దిద్దారో చెప్పే నాలుగు మాటలూ దాని కింద నిలిచి ఉంటాయి. అమీన్‌పూర్ చెరువు చుట్టూ నడిచే బాటను గీసింది లక్ష్మీప్రసన్నే. కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల గేట్లు ఏ దిక్కున ఉన్నాయో గుర్తుపెట్టిందీ ఆవిడే. నాన్నగారు భీమవరం నుంచి పబ్లిక్ సెక్టార్ ప్లాంటులో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు కాబట్టి, తను పుట్టి పెరిగిన ఈ నేల తప్పుగా ఉంటే ఆవిడకు సొంత పేరు తప్పు రాసినంత బాధ.

ఒక ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ కర్దనూర్ వెళ్ళే పాత ఎస్టేట్ రోడ్డు దగ్గర ఆవిడ ఆగిపోయింది. అక్కడ రోడ్డుకు అడ్డంగా రెండు గీతలు, పక్కపక్కనే, కొత్తగా వెలిశాయి. పేరు నొక్కి చూస్తే 'ట్రాము' అని ఉంది.

"ఏవండీ, పటాన్‌చెరులో ట్రాములు తిరిగాయా ఎప్పుడైనా?" అని అడిగింది.

"బస్సులే సరిగ్గా తిరగవు," అన్నాడు మధుబాబు పేపరులోంచి తల ఎత్తకుండా.

గీసినవాడి పేరు 'అంజయ్య ట్రాలీ'. చేరి రెండు నెలలే అయింది. లక్ష్మీప్రసన్నకు విషయం చప్పున అర్థమైపోయింది, అంటే అర్థమైపోయిందని ఆవిడ అనుకుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. మ్యాపులో రైలు లైనును గీయాలంటే రెండు ఇనుప పట్టాల నడుమ ఒకే ఒక గీత గీయాలి. ఆ ఒక్క గీతే లైను. తెలియనివాళ్ళు ఎడమ పట్టాకు ఒకటి, కుడి పట్టాకు ఒకటి గీసేస్తారు. దాంతో ఒక్క లైను కాస్తా రెండు లైన్లయి కూర్చుంటుంది. గీతల మధ్య దూరం కొలిస్తే ఎనిమిది అడుగులు వచ్చింది. పెద్ద రైలు పట్టాల మధ్య ఐదున్నర అడుగులుంటాయి. చెయ్యి వణికే కొత్తవాడి ఐదున్నర ఎనిమిది కావడం వింతేమీ కాదు. ఉపగ్రహం తీసిన ఫొటోలో చూస్తే అక్కడ తారు రోడ్డు మీద ఒక మసక మరక తప్ప ఏమీ లేదు.

రెండింటినీ కలిపి ఒకటి చేసింది. ట్రాము అనే మాట తీసేసి 'పాత ఫ్యాక్టరీ లైను' అని పెట్టింది. కింద మర్యాదగా రాసింది: "రెండు పట్టాలు కలిస్తే ఒక లైను అండి. రెండు గీతలు అక్కర్లేదు."

సాయంత్రానికి రెండు గీతలూ తిరిగి వచ్చాయి. కింద ఒకే మాట: "రెండే."

ఆవిడ మళ్ళీ కలిపింది. ఈసారి నియమం ఎక్కడ రాసి ఉందో కూడా చూపించింది. మర్నాడు మళ్ళీ రెండు గీతలు. "రెండే. నేను చూసిన."

మూడోసారి కూడా అదే జరిగాక ఈ కీచులాట ఎక్కడో బెల్జియంలో కూర్చున్న ఒక పెద్దమనిషి కంటపడింది. ఉమ్మడి మ్యాపులో తగువులు తీర్చే పంచాయతీ పెద్దల్లో ఆయనొకడు. పైగా ఆయన ఊళ్ళో నిజంగా ట్రాములు తిరుగుతాయట. ఆయన ఇద్దరికీ కలిపి రాశాడు. ఇద్దరూ ఆపండి. పది రోజుల్లో నేల మీద ఆధారం చూపిస్తే రెండు గీతలు ఉంటాయి, లేకపోతే ఒకటే. చివర్లో ఇంకో ముక్క చేర్చాడు: "మీ ఇద్దరిలో ఎవరైనా అక్కడికి వెళ్ళి చూశారా?"

లక్ష్మీప్రసన్నకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ రోడ్డు తన ఇంటికి అరగంట దూరం. నాలుగేళ్ళుగా ఊరందరికీ "వెళ్ళి చూసి గీయండి" అని సుద్దులు చెప్పిన మనిషి తను. అవతలివాడు రెండుసార్లు "చూసిన" అని రాస్తే, తను ఒక్కసారీ బండి తియ్యలేదు. అంజయ్య ట్రాలీకి సందేశం పంపింది. "శనివారం పొద్దున్న తొమ్మిదింటికి వస్తాను. మీరు చూసింది చూపించండి." జవాబు వెంటనే వచ్చింది. "రా అమ్మ."

శనివారం వెళ్ళేసరికి రోడ్డు పక్కన ట్రాలీ ఆటో ఒకటి ఆగి ఉంది. దానికి ఆనుకుని అరవై దాటిన మనిషి, మోకాలి దాకా మడిచిన ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. కుర్రవాడెవడో అనుకుని వచ్చిన లక్ష్మీప్రసన్న ఇంకెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసింది.

"అంజయ్యగారంటే..."

"నేనే బిడ్డా. లక్డారం మాది. గీ ఆటోల సామాను ఏస్తుంట. కిరాయి ఇచ్చెటోళ్ళు ఫోన్ల మ్యాపు వంపుతరు. గా మ్యాపు తప్పుంటే తిరుగుడే తిరుగుడు. దాన్ని మనమే దిద్దుకోవచ్చని ఒక డ్రైవరు జెప్పిండు. గప్పటి సంది నేర్సుకున్న."

అక్కడ తారు అరిగిపోయిన చోట రెండు పట్టాలు పైకి తేలి మెరుస్తున్నాయి. లారీలు వాటి మీద నుంచి దడదడమంటూ వెళ్తున్నాయి. రోడ్డుకు ఇవతల కూలిపోయిన షెడ్డు, అవతల తుప్పు పట్టిన గేటు. లక్ష్మీప్రసన్న వంగి టేపుతో కొలిచింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులు. అంటే ఇది పెద్ద రైలు లైను కానే కాదు, చిన్న బండ్లు నడిచే లైను. ఎనిమిది అడుగుల గురించి తను వేసిన లెక్క మొదటి అడుగులోనే కూలింది. కానీ కనిపిస్తున్నవి మాత్రం రెండు పట్టాలే. ఒకటే లైను.

"ఇంకోటి ఎక్కడండీ?"

"గీడ." అంజయ్య కుడివైపు ఎనిమిది అడుగుల దూరం జరిగి, నల్లటి తారు మీద నిలబడ్డాడు. "నా కాళ్ళ కింద."

అక్కడ తారు తప్ప ఏమీ లేదు. ఆవిడ మొహం చూసి ఆయనకు కోపం రాలేదు. ఆ మొహం ఆయనకు అలవాటే లాగుంది.

"ఒక లైనుకు రెండు పట్టాలుంటయని నాకు తెల్వదా అమ్మా? పదకొండేండ్లు దీని మీద ఇంజను నడిపిన. ఆ దిక్కు షెడ్డుల గేర్లు పోతపోస్తుండె. ఈ దిక్కు మెషిన్ షాపు. నడుమ సర్కారు రోడ్డు. సిన్న డీజిల్ ఇంజను, ఎనక నాలుగు బండ్లు. పొద్దుగాల షిఫ్టుకు జనం గూడ ఎక్కుతుండిరి. అన్నం డబ్బలు వట్టుకొని ఆడోళ్ళు గూసుంటుండిరి. కలకత్తా ఇంజనీరు ఒకాయన ఉండె, గాయననే దీన్ని ట్రామ్ అన్నడు. ఇగ మా అందరికి గదే పేరు. రోడ్డు మీద నడిసింది, జనం ఎక్కిన్రు. ట్రాముకు ఇంకేం గావాలె?"

నిజమే, ఇంకేం కావాలి? నియమాల పుస్తకం మొత్తం నోటికొచ్చిన లక్ష్మీప్రసన్న ట్రాము మాట వదిలేసి గీతల మాటకు వచ్చింది. ఒకటైతేనేం, రెండైతేనేం, మూతపడిన ఫ్యాక్టరీకి? ఇంత పట్టుదల ఎందుకని అడిగింది.

అంజయ్య ఆటోలోంచి నీళ్ళ సీసా తీసి తాగి, మూత బిగించి, అప్పుడన్నాడు: "ఒక్క గీతైతే తప్పు మాథ్యూది. రెండైతే నాది."

తీగ లాగితే డొంక కదిలినట్టు తక్కినదంతా వచ్చింది. రోడ్డుకు ఇవతలే లైను రెండుగా చీలేది. ఒకటి మెషిన్ షాపుకు, రెండోది రిపేరు షెడ్డుకు. రెండూ రోడ్డు దాటేవి. చీలిక దగ్గర ఒక ఇనుప కడ్డీ, దాన్ని కాంటా అంటారు. కాంటా ఏ పక్కకు వేస్తే ట్రాము ఆ లైను పడుతుంది. బండి రోడ్డు దాటేటప్పుడు మాథ్యూ అనే ఆయన ఎర్రజెండా పట్టుకుని లారీలను ఆపేవాడు. రిపేరు లైను మీద వారానికి ఒక్కసారే బండి పోతుంది గనక, దాని మీదనే నిలబడి జెండా చూపడం అక్కడి పద్ధతి.

"ముందటి దినం రిపేరుకు బండి వోయింది. కాంటా గట్లనే ఉండిపోయింది. తెల్లారి నేను సూస్కోలే. మాథ్యూ అన్న లారీల దిక్కు సూస్కుంట నిలవడ్డడు. నా దిక్కు ఈపు జేసి." అంజయ్య నల్లటి తారు వైపు చేయి చూపాడు. "ఇరవై నాలుగేండ్లయింది."

ఆ రెండో లైను సర్కారు రోడ్డు మీద పర్మిషను లేకుండా వేసింది. ప్రమాదం జరిగిన నాలుగో రోజుకల్లా కంపెనీవాళ్ళు దాన్ని పీకేశారు. రోడ్డు అడుగున ఉన్నది రాకపోతే, రెండు అంచుల్లో కోసేసి మీద తారు పోశారు. మాథ్యూ తాగి లైను మీద నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడని రిపోర్టు రాశారు.

"తాగి ఉన్నారా?"

"తాగుడు ఇడిసిపెట్టి గప్పటికి ఏడు నెలలయింది. ఈస్టరు నాడు బైబిలు మీద చెయ్యివెట్టి గ్రేస్ వదినెకు ఒట్టేసిండు. తప్పలే. నాకు తెల్సు, పొద్దుగాల ఇద్దరం కలిసే చాయ తాగినం." ఆయన పట్టాల వైపు చూస్తూ చెప్పాడు. "ఎంక్వైరీల నన్నడిగిన్రు, లైన్లెన్ని అని. ఒక్కటే అన్న. సంతకం వెట్టిన. పిల్లలు సిన్నోళ్ళు, నౌకరి పోతదని బుగులు. రెండేండ్లకు కంపెనీయే మూతవడ్డది."

ఏడేళ్ళ కిందట ధైర్యం చేసి మాథ్యూ భార్య గ్రేసమ్మకు అసలు సంగతి చెప్పాడట. ఆవిడ నమ్మలేదు. 'ఆ రోడ్డు రోజూ దాటుత. ఒక్కటే లైను. నా మనసు సల్లవడాలని అబద్ధం జెప్పకు అంజయ్యా' అన్నదట. అప్పట్నుంచి ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు చాలామంది బీహార్, ఒడిశా వాళ్ళు, ఎటు పోయారో తెలియదు. కాగితాల్లో ఉన్నది ఒక్క లైనే, ఆయన సంతకంతో సహా.

"పది మంది సూసే మ్యాపుల ఉంటెనన్న నమ్ముతదని గీసిన. నువ్వు తుడిసినవ్."

అది నిష్ఠూరంగా కూడా అనలేదు ఆ మనిషి. అందుకే లక్ష్మీప్రసన్నకు ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికొచ్చి మధుబాబుతో చెబితే అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు. అది అతను జీవితంలో అరుదుగా చేసే పని.

ఆ తర్వాత ఆరు రోజులు ఆవిడకు ఆ రోడ్డే లోకమైంది. గడువులో ఇంకా నాలుగు రోజులు, మూడు రోజులు అని లెక్కపెట్టుకుంటూ, డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్ళేది. రోడ్డు తవ్వడానికి లేదు. ఒక్క గుంట తీయాలన్నా ఆఫీసుల చుట్టూ తిరగాలి. పాత ఉపగ్రహ ఫొటోలు వెతికితే ప్రమాదం జరిగిన ఏడాదివి గుమ్మడికాయంత మచ్చలతో ఉన్నాయి. ఫోనులో దిక్సూచి పెట్టి నడిచింది, కింద ఇనుము ఉంటే ముల్లు తిరుగుతుందని. ముల్లు తిరిగింది, లారీ వచ్చినప్పుడల్లా తిరిగింది, చివరికి అంజయ్య జేబులోని తాళాలకు కూడా తిరిగింది. అంచుల్లో కోసిన పట్టాల మొనలు ఏమైనా కనిపిస్తాయేమోనని కట్టెపుల్లతో మట్టి గీకింది. అక్కడ మొన్నీమధ్యే ఎవరో కేబుల్ వేసి అంతా కలియబెట్టారు. దారిన పోయేవాళ్ళు మేడమ్‌కు ఉంగరం పోయిందేమోనని ఆగి వెతికి పెట్టబోయారు.

నిజం చెప్పాలంటే ఆవిడకు ఇందులో ఒక సంతోషం కూడా ఉంది. నేల కింద ఒకటి ఉందో లేదో తెలియకపోవడం, తెలుసుకునే తోవ ఏదో ఒకటి ఉండి తీరుతుందనిపించడం. ఆ సంతోషం కలిగినప్పుడల్లా అంజయ్య మొహం చూసి సిగ్గుపడేది.

ఏడో రోజు సాయంత్రం రోడ్డు అంచున సంగమ్మ కనిపించింది. ఆ ఫ్యాక్టరీల బెల్టులో సంగమ్మను ఎరగనివాళ్ళు లేరు. పాత లౌడ్‌స్పీకర్లలోని గుండ్రటి అయస్కాంతాలు నాలుగైదు కలిపి కట్టి, తాడుతో రోడ్డంతా ఈడ్చుకుంటూ నడుస్తుంది. లారీల నుంచి రాలిన మేకులు, నట్లు, ఇనుప రజను దానికి అంటుకుంటే దులిపి సంచిలో వేసుకుంటుంది. అదే ఆమె జీవనం.

లక్ష్మీప్రసన్న ఊరికే చూస్తూ కూర్చుంది. సంగమ్మ ఈడ్చుకుంటూ వచ్చి, మెరిసే పట్టాల దగ్గర తాడు ఎత్తి, అయస్కాంతాన్ని గాలిలోనే దాటించి, అవతల దించింది. సహజమే, ఇనుప పట్టా కదా. ఇంకో నాలుగు అడుగులు వేసింది. ఉత్త తారు మీద మళ్ళీ తాడు ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. ఆపైన ఏమీ ఎరగనట్టు ఈడ్చుకుంటూ పోయింది.

తప్పులు పట్టే కన్ను ఊరికే పోదు. లక్ష్మీప్రసన్న లేచి పరుగెత్తింది.

"సంగమ్మా, ఆగు. అక్కడ తాడెందుకు ఎత్తావు? అక్కడ పట్టాలు లేవుగా?"

"గాడ రోడ్డు గుంజుతది మేడం," అంది సంగమ్మ, సూర్యుడు పడమట కుంకుతాడన్నంత మామూలుగా. "లేపకుంటే అంటుకుంటది. ఒకపారి తాడు తెగి బొర్లవడ్డ."

"ఎన్ని చోట్ల?"

"గీ కనవడేటియి రెండు, కనవడనియి రెండు. నాల్గు తాన్ల. ఆ అంచు కాంచి ఈ అంచు దాంక."

లక్ష్మీప్రసన్న బతిమాలితే సంగమ్మ వెనక్కి వచ్చి అయస్కాంతాన్ని మెల్లగా దించింది. రెండు వేళ్ళ మందం తారు మీద అది టక్కుమని కూర్చుంది. లాగితే రానంటోంది. సుద్దముక్కతో అక్కడ గుర్తు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా కొంచెం జరిగి ఇంకో చోట, మరో చోట, అలా ఒక అంచు నుంచి రెండో అంచుకు. అంజయ్య ఎర్ర తువ్వాలు ఊపుతూ లారీలను ఆపాడు. ఆ మనిషి రోడ్డు నడుమ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉండటం చూసి లక్ష్మీప్రసన్నకు మాథ్యూ ఎర్రజెండా గుర్తొచ్చింది.

సుద్ద చుక్కలన్నీ కలిపితే రెండు వరసలు తేలాయి. టేపు పరిచింది. వాటి మధ్య రెండున్నర అడుగులు. ఈ లైను నడిమి నుంచి ఆ లైను నడిమికి ఎనిమిది అడుగులు. అంజయ్య గుర్తుంచుకుని గీసిన కొలత అదే, అడుగు కూడా తేడా లేదు. ఫోను చూపించే స్థలం పదడుగులు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మూల నుంచి విడిగా కొలతలు తీసి రాసుకుంది. ఫొటోలు తీసింది. చేతికి అంటిన సుద్దతో నుదురు తుడుచుకుని, పరీక్ష పాసైన పిల్లలా నవ్వుతూ తిరిగింది.

"అంజయ్యగారూ, ఉందండీ. ఉంది."

అంజయ్య రోడ్డు పక్కన కూలబడి ఉన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని ఆవిడకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. దొరికింది ఆయన తప్పుకు సాక్ష్యమే కదా అన్నది ఇంకా ఆలస్యంగా తట్టింది.

"నన్నడిగితే ఎన్నడో చెప్తుంటి," అంది సంగమ్మ, అయస్కాంతం దులుపుకుంటూ. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ రాత్రే లక్ష్మీప్రసన్న రెండు గీతలూ గీసింది. 'వాడకంలో లేని ట్రాము' అని పెట్టింది. కొలతలు, ఫొటోలు జతచేసి కింద రాసింది: "ఇక్కడ రెండు లైన్లను ఒకటి చేసింది నేను. చూడకుండా చేశాను. తప్పు నాది." ఇంత పొడుగు ఒప్పుకోలు తన పెళ్ళిలో కూడా వినలేదని మధుబాబు అన్నాడు. బెల్జియం పెద్దమనిషి పొద్దున్నకల్లా జవాబిచ్చాడు. రెండు గీతలు ఉంటాయి, సంగమ్మ అనే సర్వేయరుకు తన నమస్కారాలు చెప్పమన్నాడు.

ఆ పై శనివారం పొద్దున్న ఆవిడా, అంజయ్యా కర్దనూర్‌లో గ్రేసమ్మ ఇంటికి వెళ్ళారు. అంజయ్య లక్ష్మీప్రసన్నను తోడు రమ్మన్నాడు, జూమ్ చేయడం తనకు చేతకాదని. చేతకాకనేం, రెండు నెలలుగా చేస్తున్నాడు. ఆవిడ ఆ మాట అనలేదు.

గ్రేసమ్మ చర్చి మిషన్ హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అంజయ్యను చూసి కుర్చీ చూపించింది.

"ఏందయ్యా, మల్ల గదే ముచ్చటా?"

"గదే వదినె."

లక్ష్మీప్రసన్న ఫోను చేతికిచ్చింది. గ్రేసమ్మ కళ్ళజోడు తెచ్చుకుని, చేయి చాచి దూరంగా పెట్టుకుని చూసింది. "ఒక్కటే గీతున్నది గద," అంది.

దూరం నుంచి చూస్తే అంతే. లక్ష్మీప్రసన్న వేళ్ళతో పెద్దది చేసింది. రోడ్డు పెద్దదైంది, గీత లావెక్కింది, ఇంకొంచెం జరిపితే మెల్లగా విడిపోయి రెండయింది. గ్రేసమ్మ ఫోను వెనక్కి ఇవ్వబోయింది. గీతలు ఎవరైనా గీస్తారు. అప్పుడు లక్ష్మీప్రసన్న ఫొటో చూపించింది. సుద్ద చుక్కల వరస, నల్లటి తారు, దానికి అంటుకుని నిలబడ్డ అయస్కాంతం.

"గిది సంగమ్మది గదా."

"అవునండీ. రోడ్డు కింద ఇనుము ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు. ఆవిడకు ముందే తెలుసు. రోజూ అక్కడ తాడు ఎత్తుకుని పోతుందట."

గ్రేసమ్మ చేతిలో ఒలవని కాయ అలాగే ఉండిపోయింది. తర్వాత మళ్ళీ మ్యాపు పెట్టమంది.

"గా దినం గాయన దేని మీదున్నడు?"

అంజయ్య వేలు రెండో గీత మీదకు వెళ్ళింది.

"బండి పోవాల్సింది?"

"ఇది."

"మరి గీడికెందుకొచ్చింది?"

"కాంటా నేను మార్చలే వదినె."

ఏడేళ్ళుగా చెబుతున్న మాటే. కానీ ఇవాళ అది వేరేగా వినిపించింది. గ్రేసమ్మ తలెత్తి ఆయన్ను పరాయి మనిషిని చూసినట్టు చూసింది. ఇంటి కప్పు కారితే వచ్చి రేకులు సర్దినవాడు, బియ్యం మూట ఆటోలో తెచ్చి దించినవాడు. లక్ష్మీప్రసన్నకు అక్కడ నుంచి లేచి పోవాలనిపించింది.

"నేను నమ్మనన్ని దినాలు నువ్వు మంచోడివి అంజయ్యా," అంది గ్రేసమ్మ చివరికి.

ఆయన తల వంచుకున్నాడు.

"ఆయన్ను బొందవెట్టిన నాడు గంత మంది ముంగట పాస్టరుగారు తాగుడు మీదనే వాక్యం జెప్పిన్రు. నేను తలకాయ ఎత్తలే. రేపు ఆదివారం చర్చిల సాక్ష్యం జెప్పేటప్పుడు నువ్వు లేవాలె. గిదంత జెప్పాలె. సంతకం వెట్టింది గూడ."

"జెప్త వదినె."

గ్రేసమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చీర మార్చుకుని ఉంది. చెప్పులు వేసుకుంటూ, ఎవరితో అన్నట్టూ కాకుండా అంది:

"ఈస్టరుకు అందరు సమాధుల కాడికి వోతరు. ఒక్క పారన్న నేను వోలే. ఒట్టేసి తప్పినోడితోటి ఏం మాట్లాడుదునని. ఇరవై నాలుగేండ్లు ఆయన మీద కోపంతోనే బతికిన."

అంజయ్య లేచాడు. "ఆటోల దింపాల్నా?"

"నువ్వు రాకు. మేమిద్దరం మాట్లాడుకోవాలె."

గేటు దాకా వెళ్ళి ఆగిపోయింది. తర్వాత ఇటు తిరగకుండానే అడిగింది.

"ఏ తాన ఉన్నది?"

"మూడో వరస వదినె. గోడ దిక్కు కాంచి ఐదోది. సున్నం ఏసి ఉంటది."

ఎవరు వేశారని ఆమె అడగలేదు. కొంగు భుజం మీదుగా సరిచేసుకుని, సమాధుల దారిన నడక మొదలుపెట్టింది.